పరాయి దేశంలో లోకల్స్ మీదికొస్తే ఏం చేయాలి? తిరగబడాలా, తప్పుకోవాలా?

కొత్తబ్యాచ్:

చదువుకోడానికి వచ్చి ఐదు నెలలైంది. మొన్న శనివారం రాత్రి పదకొండున్నరకి నేనూ మా రూమ్మేటూ బస్టాప్‌లో ఉన్నాం. ముగ్గురు కుర్రాళ్లు తాగి వచ్చారు. ఒకడు నన్నేదో అడిగాడు, యాస అర్థం కాక "వాట్?" అన్నాను, కాస్త గట్టిగా అన్నానేమో, వాడు దగ్గరికొచ్చి అదే మాట మళ్లీ మళ్లీ అడగడం మొదలుపెట్టాడు. మావాడు పక్కనుంచి "వీడికేం రోగం రా" అని తెలుగులో అని నవ్వాడు. అంతే, వాళ్లనే తిట్టుకుని నవ్వుతున్నాం అనుకున్నారు. వాడు నన్ను తోశాడు, నేను వాడి ఛాతీ మీద చెయ్యి పెట్టి వెనక్కి నెట్టాను, కళ్లజోడు కిందపడింది. సరిగ్గా అప్పుడే బస్సొచ్చి ఆగింది, ఎక్కేశాం.

రెండు రోజులు చేతులు వణుకుతూనే ఉన్నాయి, ఇంట్లో చెప్పలేదు. రూమ్మేట్ ఏమో ఒక్కటి పీకాల్సింది, ఇలా వదిలేస్తే రేపు మళ్లీ మన మీదికే వస్తారు అంటున్నాడు, పెప్పర్ స్ప్రే కొందాం అని కూడా అంటున్నాడు. నిజంగా అడుగుతున్నాను, ఇలాంటప్పుడు ఏం చేయాలి?

నైట్‌షిఫ్ట్ అన్న:

తమ్ముడూ, బస్సెక్కి మంచి పని చేశావు. నేను ఒక బార్ గుమ్మం దగ్గర ఆరేళ్లు సెక్యూరిటీగా నిలబడ్డాను, ఇలాంటివి వారానికి రెండు మూడు చూసేవాణ్ని, అందుకే కాస్త వివరంగా చెప్తా.

వాడికి నీ మీద కోపం కంటే పక్కనున్న ఇద్దరి ముందు పరువు పోతుందన్న భయమే ఎక్కువ. అది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. వాడు వెనక్కి తగ్గాలంటే తగ్గినట్టు కనపడకుండా తగ్గే దారి ఉండాలి, ఆ దారి నువ్వే ఇవ్వాలి. "సారీ, నాకు సరిగా వినపడలేదు" అని నెమ్మదిగా చెప్పి ఒక అడుగు వెనక్కి వేస్తే చాలాసార్లు అక్కడితో అయిపోతుంది, వాడు ఫ్రెండ్స్ వైపు తిరిగి ఏదో ఒకటి అని వెళ్లిపోతాడు. ఆ అన్నది నిన్నే కావచ్చు, అననీ. తాగి ఊగిపోతున్నవాడికి "కామ్‌డౌన్" మాత్రం చెప్పకు. ఆ మాట విని చల్లబడ్డవాణ్ని నేను ఒక్కణ్ని కూడా చూడలేదు, ఇంకా రెచ్చిపోతారు.

కళ్లలోకి కాదు, చేతుల వైపు చూడు. పిడికిలి బిగుస్తోందా, చేతిలో ఉన్న సీసానో ఫోనో పక్కన పెట్టాడా, జాకెట్ విప్పుతున్నాడా, ఎవరైనా చూస్తున్నారా అని అటూ ఇటూ చూస్తున్నాడా, ఒక కాలు వెనక్కి వేశాడా. అడిగిందే మళ్లీ మళ్లీ అడగడం కూడా అలాంటి గుర్తే, నీ దగ్గర అదే జరిగింది. అన్నిటికంటే ముఖ్యం ఇది: అప్పటిదాకా అరిచినవాడు ఒక్కసారిగా మాట ఆపేశాడంటే ఇంక అక్కడ నిలబడకు, వెలుతురున్న వైపుకి, మనుషులున్న వైపుకి వెళ్లిపో. బ్యాగ్ వదిలేయాల్సి వస్తే వదిలేయ్.

నిలబడాల్సి వస్తే రెండు చేతులూ ఛాతీ ఎత్తులో, అరచేతులు వాడికి కనపడేలా, శరీరం కాస్త పక్కకి తిప్పి, వాడి చెయ్యి చాచినా అందనంత దూరంలో ఉండు. చూసేవాళ్లకి గొడవ వద్దంటున్నట్టు ఉంటుంది, వాడు నిజంగా చెయ్యి విసిరితే నీ చేతులు మొహం దగ్గరే ఉంటాయి. వాణ్ని ముట్టుకోకు. తోసినందుకు నువ్వూ తోశావు, అర్థం చేసుకోగలను, కానీ ఆ క్షణం నుంచి చూసేవాళ్లకి అది ఇద్దరి కొట్లాట.

ఒక్కటి పీకాలన్న మీ రూమ్మేట్‌కి ఇది చెప్పు. ప్రాణం తీసేది చాలాసార్లు గుద్దు కాదు, గుద్దు తగిలి వెనక్కి పడినప్పుడు తల పేవ్‌మెంట్ అంచుకి కొట్టుకోవడం. ఒక్క గుద్దు, మనిషి లేవడు. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ వాళ్లు 2014లో దీనికోసమే ప్రత్యేకంగా చట్టం తెచ్చారు, దెబ్బకి మనిషి చనిపోతే 20 ఏళ్ల దాకా జైలు, కొట్టినవాడు బాగా తాగి ఉంటే కనీసం 8 ఏళ్లు. పడేది నువ్వైనా వాడైనా రెండు ఇళ్లు పోతాయి.

ఇంకోటి, అలాంటివాళ్ల ముందు తెలుగులో మాట్లాడుకోవద్దు, నవ్వద్దు. అర్థం కాని భాషలో నవ్వితే ఎవరైనా తమనే అనుకుంటారు, మనమైనా అంతే.

లీగల్ డెస్క్:

పెప్పర్ స్ప్రే గురించి వెంటనే చెప్పాలి, దయచేసి కొనకండి, ముందు మీరున్న దేశం చట్టం చూడండి. బ్రిటన్‌లో 1968 ఫైరార్మ్స్ యాక్ట్ కింద అది నిషేధిత ఆయుధం, వాడక్కర్లేదు, జేబులో దొరికితే చాలు నేరం. కెనడాలో మనుషుల మీద వాడటానికి చేసిన స్ప్రే కూడా నిషేధమే. కత్తి సంగతి చెప్పనే అక్కర్లేదు.

సైగలు, తిట్లు కూడా అంతే. కోపంలో మధ్యవేలు చూపించడం జర్మనీలో నేరం, అవమానించడం కింద జరిమానా పడుతుంది. మీది మాత్రమే వీసా మీద ఉన్న జీవితం, ఎదుటివాడిది కాదు. మీ మీద దాడి కేసు పెడితే అది తర్వాత వీసా రెన్యువల్‌లోనో, పీఆర్ (శాశ్వత నివాసం) అప్లికేషన్‌లోనో, ఉద్యోగం కోసం పోలీస్ సర్టిఫికెట్ అడిగినప్పుడో మళ్లీ ఎదురొస్తుంది. ఆత్మరక్షణ హక్కు చాలా దేశాల్లో ఉంది, కాకపోతే అవసరమైనంత వరకే. వాడు కిందపడ్డాకో, వెనుదిరిగాకో కొట్టిన రెండో దెబ్బ ఆత్మరక్షణ కిందకి రాదు, నేను చూసిన ఫైళ్లలో మనవాళ్లు ఇరుక్కుంది ఎక్కువగా ఆ రెండో దెబ్బ దగ్గరే.

పోలీసులకి ముందు మీరే ఫోన్ చేయండి. యూరోపియన్ యూనియన్ అంతటా 112, అమెరికా, కెనడాల్లో 911, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000. ముందు ఎదుటివాళ్లు చెబితే, మీ భాష తడబడితే, కథ వాళ్లదే నిలబడుతుంది. అరెస్టు దాకా వెళ్తే 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం 36వ ఆర్టికల్ గుర్తుపెట్టుకోండి, మీ కాన్సులేట్‌కి కబురు చేయమని అడిగే హక్కు మీకుంది, ఆ హక్కు ఉందని పోలీసులే మీకు చెప్పాలి. కాన్సులేట్ జైలు నుంచి విడిపించలేదు, కానీ లాయర్ల జాబితా ఇస్తుంది, ఇంటికి సమాచారం చేరుస్తుంది. ఇంటర్‌ప్రెటర్ లేకుండా, అర్థం కాని కాగితం మీద సంతకం చేయొద్దు.

బస్సుల్లో, స్టాపుల్లో కెమెరా రికార్డింగ్ కొన్ని రోజులకే చెరిగిపోతుంది. ఈ వారమే ఫిర్యాదు చేయండి.

పైఫ్లోర్:

పైన చెప్పినవన్నీ సరైనవే, ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ప్రతిదీ అపార్థం అనుకోవద్దు. కొంతమంది మన రంగు చూసే వస్తారు, అక్కడ నువ్వు ఎంత మెల్లగా మాట్లాడినా, ఎన్ని సారీలు చెప్పినా మారదు, వెళ్లిపోవడం తప్ప ఇంకో మార్గం లేదు, వెళ్లిపోయాక ఫిర్యాదు చేయాల్సిందే. వాళ్లు ఏ మాట అన్నారో ఆ మాటే, మార్చకుండా రాయాలి, చాలా దేశాల్లో జాతి ద్వేషంతో చేసిన దాడికి శిక్ష ఎక్కువ.

నాకు గొడవ వీధిలో రాలేదు, ఇంట్లోకే వచ్చింది. కింద ఫ్లాట్‌లో ఉండే మనిషి రాత్రి పదింటికి తలుపు బాదుతూ మా పిల్లాడు పరిగెడుతున్నాడని అరిచాడు. మా ఆయన తలుపు తీయబోతే నేను గొళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టాను. "రేపు పొద్దున మాట్లాడదాం" అని లోపలినుంచే చెప్పాం. ఆయన ఇంకో రెండు నిమిషాలు బాది వెళ్లిపోయాడు. పొద్దున నేనే కిందికి వెళ్తే, అదే మనిషి మామూలుగా మాట్లాడాడు, నైట్ డ్యూటీలు చేస్తాడట, నిద్ర లేదట. హాల్లో మందపాటి కార్పెట్ వేశాం. రాత్రి తలుపు తీసి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఇంట్లో చెప్పకపోయినా ఎవరో ఒకరికి చెప్పు నాన్నా. చేతులు వణకడం పిరికితనం కాదు, అంత భయం వేసినప్పుడు ఎవరికైనా అంతే. వారం దాటినా నిద్ర పట్టకపోతే యూనివర్సిటీలో కౌన్సెలర్ ఉంటారు, వెళ్లు.

కొత్తబ్యాచ్:

అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా నైట్‌షిఫ్ట్ అన్నకి. ఇవాళ పోలీస్ స్టేషన్‌కి వెళ్లొచ్చాను. నేను ఛాతీ మీద చెయ్యి పెట్టిన సంగతి కూడా దాచకుండా చెప్పాను, రాసుకుని రిఫరెన్స్ నంబర్ ఇచ్చారు, బస్సు కెమెరా రికార్డింగ్ తామే అడుగుతామన్నారు. రూమ్మేట్‌కి ఇదంతా చదివి వినిపించాను, రెండో దెబ్బ గురించి విన్నాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, స్ప్రే ఆర్డర్ క్యాన్సిల్ చేశాడు.

సాయంత్రం అదే బస్సెక్కాను, డ్రైవర్ కూడా ఆయనే. నన్ను గుర్తుపట్టి, ఆ రోజు దూరం నుంచే తోపులాట చూసి, స్టాప్ గీత దాటి సరిగ్గా మా ముందు తలుపు వచ్చేలా ఆపానని చెప్పాడు. కావాలంటే సాక్ష్యం చెప్తానన్నాడు.