పెరూ ట్రిప్పులో ఆఖరి నాలుగు రోజులు: మాచు పిక్చు చివర్లో పెట్టుకోవచ్చా?

డాలస్_పద్మ

నమస్తే అందరికీ. జూన్ రెండో వారంలో పెరూ వెళ్తున్నాం. నేను, మావారు, మా అమ్మానాన్న. లీమా, అరెకీపా, పూనో అయ్యాక బస్సులో కుస్కో చేరతాం. అక్కణ్ణుంచి తిరుగు ప్రయాణానికి సరిగ్గా నాలుగు రోజులు మిగులుతున్నాయి. ఇలా అనుకున్నాను:

మొదటి రోజు కుస్కో ఊరు. రెండో రోజు కుస్కో దగ్గరి లోయలో పీసాక్, మోరాయ్, మారాస్, ఒయాంతాయ్‌తాంబో, అన్నీ ఒకే టూరులో. మూడో రోజు రెయిన్‌బో మౌంటెన్. నాలుగో రోజు తెల్లారుజామున రైల్లో, కొండ మీది పాత రాతి నగరం మాచు పిక్చు, సాయంత్రానికి కుస్కో వచ్చి లీమా ఫ్లైటు, అర్ధరాత్రి లీమా నుంచి డాలస్.

నాన్నకి 68. మోకాళ్ళు అంతంతమాత్రమే, కానీ ఒప్పుకోరు. "తిరుమల కొండ నడిచి ఎక్కినవాణ్ణి" అంటారు. అది 1994 నాటి ముచ్చట. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి, ఇది జరిగే పనేనా?

మెల్లగా_ఎక్కుదాం

పద్మగారూ, మీ నాలుగో రోజు చదివేసరికి నాకు కుర్చీలోనే ఆయాసం వచ్చింది.

లెక్క చూడండి. మాచు పిక్చు కొండ కింద ఉన్న ఆగ్వాస్ కాలియెంతెస్‌కి బయటి నుంచి రోడ్డు లేదు. రైలెక్కాలి, లేదంటే జలవిద్యుత్ కేంద్రం వైపు నుంచి పట్టాల వెంబడి రెండు మూడు గంటలు నడవాలి. ఒయాంతాయ్‌తాంబోలో రైలెక్కితే గంటన్నర పైనే. దిగాక బస్సు క్యూ, ఆపైన మెలికల ఘాట్ రోడ్డులో ఇంకో అరగంట. పైన ఎంత త్వరగా చూసినా రెండున్నర గంటలు. తర్వాత ఇదంతా వెనక్కి, అది కాక ఒయాంతాయ్‌తాంబో నుంచి కుస్కోకి రోడ్డు మీద రెండు గంటలకు అటూ ఇటూ. ఇన్నింట్లో ఒక్కటి ఆలస్యమైనా మీ డాలస్ విమానం మిమ్మల్ని వదిలేసి పోతుంది.

మాకు అదే జరిగింది. 2018 ఫిబ్రవరిలో, వానాకాలమని తెలిసీ టికెట్లు చవగ్గా వచ్చాయని వెళ్ళాం. పట్టాల మీద కొండచరియ పడింది. ఆరు గంటలు స్టేషన్లోనే. మా ఆవిడ నాతో మాట్లాడింది మూడో రోజున. మీరు జూన్‌లో కాబట్టి వాన భయం తక్కువే, కానీ అక్కడ బంద్‌లు కూడా ఉంటాయి. 2022 డిసెంబరులో ఆందోళనలకు రైళ్ళు ఆగి జనం చిక్కుకుపోయారు. 2023 జనవరిలోనైతే మాచు పిక్చునే మూసేశారు.

తిరగేయండి. కుస్కోలో బస్సు దిగగానే లోయలోకి పొండి. మాచు పిక్చు మూడో రోజు. కుస్కో ఊరు ఆఖరికి. పూనో 3,800 మీటర్ల పైన, కుస్కో 3,400, ఒయాంతాయ్‌తాంబో 2,800, మాచు పిక్చు 2,430. ముందు కిందికి దిగితే మీ నాన్నగారికి నిద్ర కూడా బాగా పడుతుంది.

వరంగల్_పోరడు

మెల్లగా అన్న చెప్పింది నూటికి నూరు పాళ్ళు కరెక్ట్. నాదొక్కటే మాట అక్కా: ఒయాంతాయ్‌తాంబోను టూరు బస్సుల దిగి గంటసేపు చూసి పోకుండ్రి. ఒక్క రాత్రన్న ఉండుండ్రి.

అందరు ఆ ఊర్లె రైలెక్కనీకే దిగుతరు. టూరు బస్సులు పోయినంక చూడాలె ఆ గల్లీలు. స్పెయినోళ్ళు రాకముందు ఆడ ఏలిన ఇంకాలనే రాజుల కాలంల ఏసిన గల్లీలే అవి. ఆ రాతి గోడల నడుమనే జనం ఇప్పటికీ కాపురం ఉంటున్నరు. గల్లీ పక్కపొంటి కాల్వల నీళ్ళు పోతుంటయి. రాత్రి పండుకుంటే గదే సప్పుడు.

పొద్దుగాల్నే కోట ఎక్కుండ్రి. పైన ఆరు పెద్ద రాళ్ళు వరుసగ నిలబెట్టిండ్రు, గులాబి రంగువి, ఒక్కొక్కటి మనిషికి రెండింతలు. ఆ రాయి ఆ కొండది కాదు. నది అవతల కాచికాతా అనే గని నుంచి తెచ్చింది. ఆ కొండ దించి, ఉరుబాంబా నది దాటించి, మళ్ళ ఈ కొండ ఎక్కిచ్చిండ్రు. బండి చక్రం లేదు, ఎద్దు లేదు, గుర్రం లేదు. లామా మూట మోస్తది గని అంత రాయి యాడ గుంజుతది? సగం దారిల వదిలేసిన రాళ్ళు ఇప్పటికీ అట్లనే పడున్నయి. "అలసిన రాళ్ళు" అంటరు వాటిని. మా అమ్మ గా మాట ఇని, "నన్ను గూడ ఈడ్నే వదిలెయ్యుండ్రిరా" అని కూలబడ్డది.

నేను చిన్నప్పటి సంది ఓరుగల్లు కోటల తిరిగినోణ్ణి. రాయి చూస్తే అంత తొందరగ ఆశ్చర్యపోను. ఆడ పోయిన.

రాళ్ళపిచ్చి

ఒయాంతాయ్‌తాంబో మాట వచ్చింది కాబట్టి ఆగలేను.

"తాంబో" అంటే ఇంకాల దారుల్లో ప్రయాణికులకు కట్టిన విడిది. మన సత్రం లాంటిది. అంటే ఆ ఊరి పేరే "ఇక్కడ దిగి పడుకోండి" అంటోంది, మనమేమో రైలు కోసం పరిగెడుతున్నాం. 1537 జనవరిలో ఇంకాల రాజు మాంకో ఇక్కడే స్పెయిన్ దండును తిప్పికొట్టాడు. నది నీళ్ళను మైదానంలోకి మళ్ళించి గుర్రాలను బురదలో దిగేశాడు. కోట మెట్ల మీద నిలబడి కిందికి చూస్తే ఆ ఎత్తుగడ ఎలా పారిందో అర్థమవుతుంది. ఇంకో విషయం, ఆ ఆరు రాళ్ళు పైన కడుతున్న గుడివి, ఆ గుడి పూర్తవలేదు. ఆ "అలసిన రాళ్ళు" అలసినవి కావు, పని ఆగిపోయినవి.

ఎవరైనా గైడు గ్రహాంతరవాసులు కట్టారంటే డబ్బు వాపసు అడగండి. సుత్తిరాళ్ళతో కొట్టి, ఆనించి చూసి, మళ్ళీ కొట్టి అమర్చారు. ఆ పనిముట్లు గనుల్లో దొరికాయి.

మాచు పిక్చులో గోడల కన్నా మురుగు, వాన నీటి ఏర్పాటు చూడండి. మెట్ల పొలాల అడుగున పెద్ద రాళ్ళు, వాటి మీద కంకర, ఆ మీద మట్టి. అందుకే ఐదారు వందల ఏళ్ళ వానలకు కొండ జారిపోలేదు. ఊట నుంచి సుమారు 750 మీటర్ల కాలువ తవ్వి, 16 ధారలుగా ఒకదాని కిందొకటి దించారు.

ఒక చిన్న పక్కదారి. అక్కడి కెచువా భాషలో "వసి" అంటే ఇల్లు, "వసియ్కి" మీ ఇల్లు, "వసియ్కిపి" మీ ఇంట్లో. మాట వెనకాల మాట అతుక్కుంటూ పోతుంది, అచ్చం మన విభక్తుల్లాగే. చుట్టరికమేమీ లేదు, కానీ పీసాక్ సంతలో ఒక అవ్వ దగ్గర ఇది నేర్చుకుంటుంటే చిన్నప్పటి వ్యాకరణం క్లాసు గుర్తొచ్చింది.

హ్యూస్టన్_కుర్రాడు

అందరూ రెయిన్‌బో మౌంటెన్‌ని మెల్లగా పక్కకు తోసేస్తున్నారు. నాకు ఆ ట్రిప్పు మొత్తంలో నచ్చింది అదే.

మెల్లగా_ఎక్కుదాం

తమ్ముడూ, నీకు ఇరవై ఆరు. అది 5,000 మీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగింటికి బయల్దేరాలి, పైకి గుర్రం దొరికినా ఆఖరి ఏటవాలు నడవాల్సిందే. 68 ఏళ్ళ మోకాళ్ళకి అది సరదా కాదు. పద్మగారూ, మీకు మరీ మనసుంటే పాల్కోయో అని ఇంకో రంగుల కొండ ఉంది. నడక తక్కువ, ఎత్తు మాత్రం దాదాపు అంతే. డాక్టరును అడక్కుండా వద్దు.

డాలస్_పద్మ

మావారు ఇప్పటికే ముఖం ముడుచుకున్నారు, కానీ రెయిన్‌బో కొట్టేశాను. ఇప్పుడు మాచు పిక్చు టికెట్ల సంగతి. సర్క్యూట్ 1, 2, 3 అంటున్నారు. ఒక్కటీ బుర్రకెక్కట్లేదు. అమ్మానాన్న ఇండియన్ పాస్‌పోర్టు, వాళ్ళకి పెరూ వీసా కావాలా?

బే_ఏరియా_శారద

వీసా ముందు. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఇంకా ఆరు నెలల పైన గడువున్న అమెరికా వీసా ఉంటే టూరిస్టుగా పెరూ వీసా అక్కర్లేదు. మా అత్తమామలు అలాగే వచ్చారు. అయినా టికెట్లు కొనే ముందు కాన్సులేట్ పేజీ ఒకసారి చూసుకోండి, రూల్స్ మారుతుంటాయి.

సర్క్యూట్లంటే, లోపల ఎటు పడితే అటు తిరగనివ్వరు. 2024 నుంచి మూడు సర్క్యూట్లు, వాటిలో మొత్తం పది దారులు. 1 పైనుంచి చూడ్డానికి. 2 అందరూ కోరుకునేది, పోస్టుకార్డు బొమ్మ, ఊరు రెండూ వస్తాయి, అందుకే ముందు అయిపోతుంది. 3 కింది భాగం, ఎక్కడం తక్కువ. మోకాళ్ళున్న వాళ్ళకి (మోకాళ్ళు అందరికీ ఉంటాయనుకోండి, నొప్పులున్న వాళ్ళకి) 3 నయం. పైనుంచి తీసే ఆ ఫోటో మాత్రం రాదు. ముందే ఇంట్లో చెప్పండి, అక్కడికి వెళ్ళాక అలక మొదలైతే కష్టం.

టికెట్ మీద పేరు, నంబరు పాస్‌పోర్టుతో సరిపోవాలి, అసలు పాస్‌పోర్టు గేటు దగ్గర చూపించాలి. రైల్లోకి చిన్న బ్యాగే, పెద్ద సూట్‌కేసులు హోటల్లో వదిలేయండి. లోపల టాయిలెట్లు లేవు, ఒకసారి బయటికొస్తే మళ్ళీ పోనివ్వరు. గేటు బయట 2 సోల్స్ (పెరూ డబ్బు) చిల్లర ఇచ్చి పని కానిచ్చుకుని లోపలికి అడుగు పెట్టండి. నేను ఇది నేర్చుకున్న పద్ధతి ఇక్కడ రాయను.

లోయలోని శిథిలాలకు వేరే టికెట్ ఉంది, బొలేతో తురీస్తికో. పూర్తిది 130 సోల్స్, 16 చోట్లు, పది రోజులు. పీసాక్, ఒయాంతాయ్‌తాంబో, చించెరో, మోరాయ్ మాత్రమే అయితే 70కి రెండు రోజులది తీసుకోవచ్చు. మారాస్ ఉప్పుమళ్ళు, కుస్కోలో కొరికాంచ గుడి ఇందులో రావు, విడిగా కట్టాలి.

సీమ_చిన్నోడు

తిండి గురించి ఎవురూ చెప్పలేదేంది? పద్మక్కా, మీ ఇంట్లో శాకాహారమా?

డాలస్_పద్మ

అమ్మ పూర్తిగా. గుడ్డు కూడా ముట్టదు.

సీమ_చిన్నోడు

అయితే వినండి. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అని. అది చెప్తే కోడి ముక్కలు ఏసి తెస్తారు, వాళ్ళ లెక్కలో కోడి మాంసం కాదు. "నీ పోయో, నీ పెస్కాదో" అని కోడి, చేప కూడా వద్దని చెప్పాల. కినువా సూపు మంచిదే, కానీ మాంసం ఉడికించిన నీళ్ళతో చేసిందేమో అడగండి. పెద్ద గింజల మొక్కజొన్న కంకి, జున్నుముక్క రోడ్డు పక్కన దొరుకుతాయి, కడుపు నిండుతుంది. ఆలుగడ్డ ఆ కొండల్లోనే పుట్టింది, వేల రకాలు. ఊదారంగువి తినండి.

మేము కందిపొడి, ఊరగాయ, చిన్న రైస్‌కుక్కరు మోసుకుపోయినాము. అంత ఎత్తులో అన్నం తొందరగా ఉడకదు, నీళ్ళు ఎక్కువ పొయ్యాల. మొదటి దినం పలుకు పలుకుగా తిన్నాము.

కోకా ఆకుల టీ హోటల్లో ఊరికే ఇస్తారు, తాగండి. సంచుల్లో ఏసుకొని అమెరికాకి మాత్రం తేవద్దండి, టీ పొట్లాలు కూడా నిషేధమే.

డాలస్_పద్మ (మూడు వారాల తర్వాత)

వచ్చేశాం. అందరికీ దండాలు. ఎలా జరిగిందో రాస్తానని మాటిచ్చాను కదా.

మొదటి రోజు కుస్కోలో ఆగకుండా పీసాక్ చూసుకుని ఒయాంతాయ్‌తాంబో చేరాం. పీసాక్‌లో ఎండ, ఏటవాలు, నాన్న సగంలోనే బెంచీ వెతుక్కున్నారు. తిరుమల ప్రస్తావన రాలేదు. రెండో రోజు పొద్దున నేనూ మావారూ ఆ ఆరు రాళ్ళ దాకా ఎక్కాం. అమ్మానాన్న కిందే కాలవ గట్టు మీద కూర్చున్నారు. వరంగల్ తమ్ముడూ, ఆ నీళ్ళ చప్పుడు గురించి నువ్వు చెప్పింది నిజం. అమ్మ ఆ రాత్రి తన పుట్టింటి పంటకాలవ గురించి గంటసేపు చెప్పింది. మధ్యాహ్నం రైల్లో ఆగ్వాస్ కాలియెంతెస్. అక్కడ ఒక హోటలు మా బుకింగ్ లేదని అరగంట నిలబెట్టింది, పేరు రాయను, గది దొరికింది.

మూడో రోజు మాచు పిక్చు, సర్క్యూట్ 3. పొద్దున్న అంతా మంచు, పది అడుగుల అవతల ఏమీ లేదు. అమ్మ "ఇంత దూరం ఇందుకా" అంది. తొమ్మిదింటికి విడిపోవడం మొదలైంది. ఎదురుగా వైనా పిక్చు కొండ ముక్కలు ముక్కలుగా బయటపడింది.

అసలు సంగతి నాన్నది. ఆయన ఇరిగేషన్‌లో ముప్ఫై రెండేళ్ళు చేసి రిటైరయ్యారు. ఆ ధారల దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళు మర్చిపోయారు. కాలవ వాలు ఎంత, వరదొస్తే మిగులు నీళ్ళు ఎటు పోతాయి అని గైడును పట్టుకున్నారు. నేను తెలుగు నుంచి ఇంగ్లీషు, మా గైడు ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లో ఇంకో గైడుకి. వెనకాల క్యూ ఆగిపోయింది. గార్డు విజిల్ వేశాడు. నాన్న కదల్లేదు. చివరికి గైడే వంగి, పక్క రాతిలో తొలిచిన చిన్న కన్నం చూపించాడు. "తూము" అన్నారు నాన్న, ఎవరితోనో కాదు, ఊరికే. ఫోటో అదే తీశాను. పోస్టుకార్డు ఫోటో రాలేదు, మావారు ఇంకా అంటూనే ఉన్నారు.

తిరుగు రైలు గంటా ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ రోజే ఫ్లైటు ఉండుంటే ఏమయ్యేదో మెల్లగాగారికి చెప్పక్కర్లేదు.

నాలుగో రోజు కుస్కో. హాతున్ రుమియోక్ వీధిలో పన్నెండు మూలల రాయి, దాని ముందు మన మహాశివరాత్రి క్యూ అంత జనం. కొరికాంచలో మాత్రం నెమ్మదిగా తిరిగాం. ఇంకాల సూర్యుడి గుడి గోడల మీద స్పెయిన్ వాళ్ళు చర్చి కట్టారు. 1950 భూకంపానికి పైన కట్టింది బాగా దెబ్బతింది, కింది గోడలు నిలిచి మళ్ళీ బయటపడ్డాయి. ఇంతీ రాయ్మి పండగ జూన్ 24న కదా, ఊరంతా పిల్లలు డాన్సు రిహార్సల్స్‌లో ఉన్నారు. అమ్మ మెట్ల మీద కూర్చుని అదే చూసింది, మ్యూజియంకి రానంది.

మోరాయ్, మారాస్ చూడలేదు. మారాస్ ఉప్పు మాత్రం బజార్లో అర కిలో కొన్నాం. కస్టమ్స్‌లో ఏమీ అనలేదు.

ఇంకో మాట, నా దగ్గర 46 సోల్స్ చిల్లర మిగిలింది. డాలస్ వైపు నుంచి ఎవరైనా వెళ్తున్నారా?

హ్యూస్టన్_కుర్రాడు

అక్టోబరులో మళ్ళీ వెళ్తున్నా, ఈసారి మా అమ్మతో. వచ్చే నెల డాలస్ వస్తా, తీసుకుంటానక్కా. శారదక్క చెప్పిన గేటు దగ్గర ఖర్చుకి అవుతుంది.