అప్‌డేట్: 4294967297 సంగతి తేలింది

2 ఘాతం 32కు 1 కలిపితే వచ్చే 4294967297 ప్రధాన సంఖ్యేనా, కంప్యూటర్ ముట్టకుండా తేల్చవచ్చా అని పర్లాకిమిడిలో పదో తరగతి చదివే మా మేనల్లుడి తరఫున అడిగాను కదా. అది ప్రధాన సంఖ్య కాదు. గణితవేత్త ఫెర్మా అవుతుందని నమ్మాడు, 1732లో మరో గణితవేత్త ఆయిలర్ దాన్ని కారణాంకాలుగా విడగొట్టేశాడు.

మీలో ఒకరు చెప్పిన కిటుకే పనిచేసింది: దీని ప్రధాన కారణాంకాలన్నీ 64 గుణిజానికి 1 కలిపిన రూపంలోనే ఉంటాయి. అలా వడపోస్తే 193, 257, 449, 577 వచ్చాయి. నాలుగింటికీ శేషం మిగిలింది. ఐదోది 641.

వాడిది ఒడియా మీడియం, ఎక్కాలు మాత్రం తెలుగులోనే గొణుగుతాడు. బిల్లు పుస్తకం వెనక భాగహారం మొదలుపెట్టాడు. 67 దాకా సాఫీగా సాగి 2 మిగిలింది. అక్కడ వరుసగా రెండు సున్నాలు పెట్టాలి, ఎవరైనా తడబడేది అక్కడే. చివర 4487 వచ్చింది, ఏడు 641లు సరిగ్గా అంతే. భాగఫలం 6700417.

నాకైతే ఇంకో దారే ముద్దొచ్చింది. 641 అంటే 5×128+1, 625+16 కూడా; అంటే 5×2⁷+1, 5⁴+2⁴. మొదటిదాని వల్ల 640⁴−1, రెండోదాని వల్ల (5⁴+2⁴)×2²⁸ రెండూ 641 గుణిజాలే. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మిగిలేది సరిగ్గా 2³²+1, ఇక భాగహారమే అక్కర్లేదు.

ఇప్పుడు 2 ఘాతం 64కు 1 కలిపి పట్టుకొచ్చాడు. దాని చిన్న కారణాంకమే 274177. కాగితం మీద వెతకడం నా వల్ల కాదని ముందే చెప్పేశాను.