కథల పుస్తకాల సవాల్: విడి కథలు లెక్కలోకి వస్తాయా, రావా?

బొబ్బిలి_వీణ (నిర్వాహకురాలు)
అందరికీ నమస్కారం. కొత్తగా చేరినవాళ్ళ కోసం నియమం మళ్ళీ చెబుతున్నాను. ఏడాదిలో పన్నెండు కథల పుస్తకాలు, నెలకొకటి. ఒకే రచయిత సంపుటి కావచ్చు, పదిమంది కథల సంకలనం కావచ్చు, 120 పేజీలు దాటని చిన్న నవలైనా సరే. చదివాక నాలుగు ముక్కలు రాయాలి. అంతే.

మార్చి నెల ఖాతాలో దోహా_డైరీ గారు పుస్తకం పేరు బదులు కథల పేర్లు వరసగా పెట్టారు. అన్నీ కథానిలయం అనే కథల గ్రంథాలయం వెబ్‌సైట్‌లో, పాత పత్రికల స్కాన్లలో చదివినవి. దీన్ని ఒక పుస్తకం కింద ఎలా రాస్తారని ఇద్దరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. విడిగా ఎందుకు, ఇక్కడే మాట్లాడుకుందాం. ఆదివారం దాకా చూసి చెబుతాను.

అచ్చుతప్పు
ఆ ఇద్దరిలో నేనొకణ్ణి. దాచుకోవడానికేముంది? సవాల్ పేరులోనే పుస్తకం ఉంది. విడి కథలు చదవడం మంచి పనే, ఎవరూ కాదనరు. అది వేరే పని. ఇవాళ పత్రిక స్కాన్లు ఒప్పుకుంటే రేపు వాట్సాప్‌లో వచ్చిన కథలు కూడా పన్నెండు పోగుచేసి ఖాతాలో వేస్తారు.

నిద్రరాని_నాని
గెలిచినోళ్ళకి బైకేమన్నా ఇస్తున్నారా? ఇంత గొడవ.

దోహా_డైరీ
వీణ గారూ, నన్నే అడిగుంటే సరిపోయేదండి. అయినా అడిగారు కాబట్టి చెబుతాను.

తెలుగు కథ పుట్టింది పత్రికలోనండి, పుస్తకంలో కాదు. అచ్చమాంబ గారి 'ధనత్రయోదశి' 1902లో వచ్చింది పత్రికలో. గురజాడ 'దిద్దుబాటు' 1910లో వచ్చింది ఆంధ్రభారతి పత్రికలో. 1924 నుంచి భారతి మాసపత్రిక ఉండేది, వారపత్రికలుండేవి. మన పెద్ద కథకుల్లో చాలామంది కథలు ముందు ఆ కాగితాల మీదే వచ్చాయి, తర్వాతెప్పుడో ఎవరో పూనుకుంటే పుస్తకమయ్యాయి. అలా పుస్తకం కాని కథలు ఎన్ని ఉన్నాయో! నేను చదివినవాటిలో సగం ఇంతవరకు ఏ పుస్తకంలోకీ ఎక్కినట్టు నాకు కనబడలేదు. అవి చదివితే లెక్కలేదు, అవే ఎవరైనా బైండు చేసి అట్ట వేస్తే లెక్కుంది అంటే, మనం చదివేది కథనా, అట్టనా?

1952లో పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' కథకి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఇది ఏ సంపుటిలోది నాయనా అని అడిగి ఇచ్చారా?

రేపల్లె_రాధిక
అట్ట సంగతి బాగా చెప్పారు 😀

అచ్చుతప్పు
అట్ట కాదు సార్. సంపుటి అంటే రచయిత తన కథల్లోంచి ఏరుకుని, ఏది ముందు, ఏది వెనక అని వరస పెట్టుకున్నది. రావిశాస్త్రి గారి 'ఆరు సారా కథలు' తీసుకోండి. మద్యనిషేధం రోజుల్లో సారా చుట్టూ పోలీసులు, కోర్టులు, అమ్మేవాళ్ళు, తాగేవాళ్ళు, పట్టుబడేవాళ్ళు. ఒక్క కథ చదివితే ఒక కేసు తెలుస్తుంది. ఆరూ చదివితే ఆ వ్యవస్థంతా ఎలా నడుస్తుందో తెలుస్తుంది. ఆ ఆరింటిలో ఒకటీ, చాసోవి రెండూ, ఇంకెవరివో నాలుగూ కలిపి చదివితే అది మీరు కలుపుకున్న చిరుతిండి, భోజనం కాదు.

ఇంకోటి. కథాసాహితి వాళ్ళు 1990 నుంచి ఏటా 'కథ' సంకలనాలు తెస్తున్నారు. ఆ ఏడాది పత్రికల్లో వచ్చిన కథలు చదివి, కొన్ని ఎంచి పుస్తకం చేస్తారు. ఆ పని చెయ్యకపోతే అవి పాత పేపర్ల కొట్టుకి పోయేవి. నిలబెట్టేది పుస్తకమే.

ములుగు_పోరడు
అన్నా నాదొక డౌటు. నేను బస్సుల పోతా వస్తా యూట్యూబుల కథలు ఇంటున్న. మంచిగ చదువుతున్నరు ఒకాయన. ఇన్నది లెక్కకొస్తదా?

దోహా_డైరీ
పేపర్ల కొట్టుకి పోకుండా ఆ పత్రికల్ని పోగుచేసి పెట్టిందెవరండి మరి? కారా మాస్టారు, అదే కాళీపట్నం రామారావు గారు. శ్రీకాకుళంలో 1997లో కథానిలయం పెట్టారు. అక్కడ పుస్తకాలూ ఉన్నాయి, పత్రికలూ ఉన్నాయి. కథ ఎక్కడ అచ్చయితే అదే కావాలనుకున్నాడు ఆ మహానుభావుడు. సంపుటిలో ఉంటేనే తీసుకుంటాను, లేకపోతే బయట పెట్టండి అనలేదు. 'యజ్ఞం' రాసినాయనకు లేని పట్టింపు మనకెందుకండి?

అచ్చుతప్పు
ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు 1995లో ఇచ్చింది 'యజ్ఞంతో తొమ్మిది' అనే పుస్తకానికి. పత్రిక స్కానుకు కాదు.

నిద్రరాని_నాని
అబ్బో. ఒకటి-ఒకటి.

రేపల్లె_రాధిక
నేనొక మాట చెప్తా, ఎవరూ ఏమీ అనుకోవద్దు. అచ్చుతప్పు గారు సంపుటి మొత్తం వరసగా చదవాలంటున్నారు. సంపుటిలో పదిహేను కథలుంటే పదిహేనూ ఒకే మాదిరి ఉంటాయా? రెండు బాగుంటాయి, నాలుగు ఫర్వాలేదు, మిగతావి పేజీలు నింపడానికి వేసినవి. అవి కూడా చదివితేనే టిక్కు పెట్టాలా? పోయినేడు నేను ఒక సంకలనంలో నచ్చనివి వదిలేశానని నిజాయితీగా రాస్తే, కిందన ఒకాయన "సగం చదివి సమీక్షలు రాసేవాళ్ళు ఎక్కువైపోయారు" అన్నాడు. మా ఇంట్లో అత్తగారు, ఇద్దరు పిల్లలు, ఉద్యోగం. కుక్కర్ విజిల్ వచ్చేలోపు అయిపోయే కథ ఉంటుందనే కదా నేను నవలలు మానేసి కథల్లో పడింది. దాన్నీ మీరు పరీక్ష చేస్తే ఎలా?

పాత_సంచిక
రాధిక గారూ, మూడు రోజులు మనసులో ఉండే కథ చదివాక వెంటనే రెండోది చదవకూడదు. సంపుటిని ఏకబిగిన చదవడమే తప్పు పద్ధతి. నేను చాసో కథ 'వాయులీనం' చదివి ఆ పుస్తకం వారం ముట్టుకోలేదు.

అచ్చుతప్పు
రాధిక గారూ, "పేజీలు నింపడానికి వేసినవి" అన్నది ఎవరి సంపుటి గురించో చెప్పండి. ఊరికే అందరి మీదా వేసెయ్యకండి. మీకు నచ్చనివి ఇంకొకరికి నచ్చుతాయి. ఏ కథ పడితే ఆ కథ పెట్టుకుని ఎవరూ చేతి డబ్బు తగలేసుకోరు.

దోహా_డైరీ
చేతి డబ్బు దాకా వచ్చిందా. ఇప్పుడర్థమైందండి. చర్చ మొదటినుంచీ మీకున్న బాధ చదవడం గురించి కాదు, కొనడం గురించి. జనం పుస్తకాలు కొనాలి, అందుకు ఈ సవాల్ అడ్డుపెట్టుకుంటున్నారు. అదేదో ముందే చెబితే ఇంత చరిత్ర తవ్వుకునే పని ఉండేది కాదు.

అచ్చుతప్పు
అవును, కొనాలి. ఏం, తప్పా?

చెబుతాను వినండి. నా కథల పుస్తకం ఒకటుంది. పేరు చెప్పను, ఇక్కడికి ప్రచారానికి రాలేదు. ఐదొందల కాపీలు నా జీతంలోంచి వేసుకున్నాను. డీటీపీకి ఇచ్చాను, ప్రూఫులు నేనే దిద్దుకున్నాను, అట్ట బొమ్మకు ఇచ్చాను. ఆవిష్కరణకు వచ్చినవాళ్ళకు టిఫిన్లు పెట్టి పుస్తకాలు ఊరికే ఇచ్చాను. అది మన ఆచారం కదా. మిగిలినవి ఇప్పటికీ మంచం కింద ఉన్నాయి. పోయినేడు ఇదే సవాల్‌లో ఒకరు ఆ పుస్తకం మీద మంచి సమీక్ష రాశారు. చాలా మంచి సమీక్ష. నా కథల్ని అంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ చదవలేదు. చివర "టెలిగ్రామ్ గ్రూపులో పీడీఎఫ్ దొరికింది, మీరూ చదవండి" అని లింకు ఇచ్చారు. కింద ముప్ఫై మంది చప్పట్లు, దండాల బొమ్మలు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పుస్తకం ఎక్కడ దొరుకుతుంది అని అడగలేదు. సంతోషపడాలో ఏడవాలో తెలియక ఆ రాత్రంతా ఫోను పట్టుకు కూర్చున్నాను.

నేను పుస్తకం, పుస్తకం అంటున్నది అందుకు.

ములుగు_పోరడు
అయ్యో. పుస్తకం పేరేందన్నా, నేను కొంట.

అచ్చుతప్పు
చెప్పను అన్నాను కదా తమ్ముడూ.

దోహా_డైరీ
మీకు జరిగింది అన్యాయమేనండి. ఆ లింకు ఇచ్చినవాళ్ళు చేసింది దొంగపనే. కానీ దానికి నన్నెందుకు నిలబెట్టారు? కథానిలయంవాళ్ళు పదిమందీ చదవాలని పెట్టిన పాత పత్రికలవి. టెలిగ్రామ్ పీడీఎఫ్‌కీ దానికీ ఎంత తేడా! రెండింటినీ ఒకే గాట కట్టారు మీరు.

ఇక కొనడం గురించి. నాది రాజోలు దగ్గర. రెండేళ్ళకోసారి వస్తాను. వచ్చినప్పుడల్లా పుస్తకాలు కొంటాను, తీరా బయల్దేరేటప్పుడు ముప్ఫై కిలోల్లో మా ఆవిడ ఆవకాయ, పూతరేకులు, కారప్పొడులు సర్దాక నాలుగు పుస్తకాలకు చోటుంటే గొప్ప. కొరియర్‌లో తెప్పిస్తే పుస్తకం నూటయాభై, ఖర్చు దానికి పదింతలు. ఈ-బుక్ ఉంటే కొంటాను, కొన్నాను కూడా. చాలామంది రచయితలు ఈ-బుక్ వెయ్యరు, వేస్తే దొంగిలిస్తారని భయం. మీరు వేశారా?

అచ్చుతప్పు
వెయ్యలేదు. వెయ్యకపోయినా దొంగిలించారు, చూశారుగా.

మీరు దొంగ అని నేననలేదు. అలవాటు గురించి అంటున్నాను. తెర మీద ఊరికే దొరికేదాన్నీ, ఒకడు అప్పు చేసి అచ్చేసినదాన్నీ ఒకే ఖాతాలో రాస్తే, రెండూ ఒకటే అని జనానికి నేర్పినట్టు. నెలకొక పుస్తకం, ఏడాదికి పన్నెండు. ఈ సవాల్‌లో ఉన్నవాళ్ళు అందులో సగమైనా కొంటే చాలు, నాలాంటివాళ్ళు కొందరు రెండో పుస్తకం వేసుకుంటారు.

రేపల్లె_రాధిక
జీతం వచ్చిన మొదటి వారంలో పుస్తకం కొంటే మా ఇంట్లో ఏమంటారో మీకు తెలీదు అచ్చుతప్పు గారూ. "ఉన్నవి చదివావా" అంటారు. నేను లైబ్రరీలో తెచ్చుకుంటాను. అదీ ఊరికే దొరికేదే. అదీ తప్పేనా?

అచ్చుతప్పు
లైబ్రరీ కొంటుంది. కనీసం కొనాలి.

ములుగు_పోరడు
మా మండలం లైబ్రరీల పేపర్లు తప్ప ఇంకేం లెవ్వు అన్నా. పోటీ పరీక్షల పుస్తకాలు ఉన్నయి. కథల పుస్తకాలు అడిగితె లైబ్రేరియన్ సారు నన్ను ఇచ్చిత్రంగ చూసిండు. నాకు యూట్యూబే దిక్కు. ఇంతకు అది లెక్కనా కాదా ఎవ్వలూ చెప్తలేరు.

పాత_సంచిక
నియమంలో 120 పేజీల చిన్న నవల సరే అన్నారు కదా. కేశవరెడ్డి 'అతడు అడవిని జయించాడు' లాంటిది ఒక్క రాత్రిలో జరిగే ఒకే కథ. అది పుస్తకమైనప్పుడు పది విడి కథలు ఎందుకు కావు అన్నది ఎవరూ అడగలేదు. అడగమని కాదు, ఊరికే అంటున్నా.

నిద్రరాని_నాని
అన్నా నువ్వు ఊరికే అనకు. ఇప్పుడే చల్లారింది.

బొబ్బిలి_వీణ (నిర్వాహకురాలు)
ఆదివారం కాకముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇది తెగేలా లేదు. ఖాతాలో రెండు గడులు పెడుతున్నాను. ఒకటి పుస్తకాలు. రెండోది విడి కథలు, పత్రికలో చదివినా, వెబ్‌సైట్‌లో చదివినా, విన్నా. పన్నెండు నిండాయా లేదా అన్నది మొదటి గడిని బట్టే. పుస్తకంలో నచ్చని కథలు వదిలేస్తే వదిలేశామని రాయండి, దాని మీద ఎవరూ వ్యాఖ్యానాలు చెయ్యకూడదు. రచయిత అనుమతి లేని పీడీఎఫ్ లింకు కనబడితే తీసేస్తాను, ఎవరు పెట్టినా సరే. పోయినేటిది ఇవాళే తీసేశాను.

దోహా_డైరీ
రెండో గడి అంటే వెనక బెంచీ అన్నమాట. సరేనండి. నా పేరు మొదటి గడిలోంచి తీసెయ్యండి. నేను చదవడం మాననుగా, రాస్తూనే ఉంటాను రెండో దాంట్లో.

అచ్చుతప్పు
వెనక బెంచీ అని ఎవరూ అనలేదు. వీణ గారు చేసింది సబబుగానే ఉంది.

వేసవి_సెలవులు
పోయినేడు ఆ సమీక్ష రాసింది నేనే. లింకు ఇచ్చింది కూడా. తిట్టాలనుకుంటే తిట్టండి, కానీ ముందు ఇది వినండి. ఆ పుస్తకం కోసం రెండు ఊళ్ళలో షాపుల్లో అడిగాను. మీ పుస్తకం లోపలి పేజీలో "ప్రతులకు" అని ఒక షాపు పేరు వేశారు కదా, అక్కడికీ వెళ్ళాను. ఆ పేరుతో మా దగ్గర ఏ పుస్తకమూ లేదు, ఎప్పుడూ రాలేదు అన్నారు.

అచ్చుతప్పు
రాలేదన్నారా? వంద కాపీలు నా స్కూటర్ మీద నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. రసీదు ఉంది.

వేసవి_సెలవులు
కౌంటర్లో ఉన్నాయన కంప్యూటర్లో చూసి మరీ చెప్పాడు సార్.

అచ్చుతప్పు
ఎప్పుడు వెళ్ళారు మీరు? నెల గుర్తుందా? అమ్ముడుపోలేదు, వచ్చి తీసుకెళ్ళమని వాళ్ళు నాకు ఫోన్ చేసింది జూన్‌లో. అంతకుముందా, తర్వాతా?