అమ్మమ్మ గేటు దగ్గర నిలబడలేదట, మరి నేను రాసిందేంటి?

పుంతదారి:
అమ్మమ్మ మీద ఒక వ్యాసం రాశానండి, జరిగింది జరిగినట్టే రాశాననుకున్నా. 2009లో ఆవిడ పోయే ముందు ఆఖరిసారి అమలాపురం వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు గేటు దగ్గర నిలబడి సున్నుండల డబ్బా చేతిలో పెట్టి "ఇంకొక్క రోజు ఉండవే" అంది, నేను రావులపాలెంలో బస్సు తప్పిపోద్దని ఆటో ఎక్కేశా, వెనక్కి తిరిగి చూస్తే కొంగుతో కళ్ళొత్తుకుంటోంది. వ్యాసం మొత్తం ఈ సీను మీదే నడుస్తుంది. అన్నయ్యకి పంపితే చదివి ఫోన్ చేసి "అప్పటికి అమ్మమ్మ మంచం పట్టి మూడు నెలలైంది, గేటు దాకా ఎలా వస్తుందే, నువ్వు చెప్పేది అంతకుముందు సంక్రాంతికి జరిగింది" అన్నాడు. నాకు ఆ చీర కూడా కనిపిస్తోంది, వంగపండు రంగు నేత చీర. ఆ సీను తీసేయాలా? ఉంచితే అబద్ధం రాసినట్టేనా?

కాగితప్పడవ:
పొరపాటుగా గుర్తుండటం అబద్ధమాడటం కాదండి. కానీ ఇప్పుడు మీకు తెలిసిపోయింది కదా, తెలిశాక కూడా అలాగే ఉంచేస్తే చదివేవాళ్ళని మోసం చేసినట్టే. శ్రీశ్రీ తన జీవితం రాసుకున్న 'అనంతం'ని ఆత్మచరిత్రాత్మక నవల అన్నాడు, ఆ నవల అన్న మాటతో దాన్నెలా చదవాలో ముందే తెలిసిపోతుంది. మీరూ కథ అని పెట్టుకుంటే గేటు ఉంచుకోండి, అడిగేవాళ్ళు లేరు. వ్యాసం అంటే మాత్రం "నేను" అన్న చోట మీరే ఉన్నారని నమ్మి చదువుతారు.

వేపచెట్టు నీడ:
నేను డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్త. చీర రంగు కండ్లముందల కనిపిస్తుంది కాబట్టి అది ఆ రోజుదే అనుకోకండి మేడం. 1986 జనవరి 28న చాలెంజర్ అనే అంతరిక్ష నౌక పేలింది కదా, తెల్లారే అమెరికాల నీసర్ అనే ప్రొఫెసర్ ఆ వార్త ఎక్కడ విన్నరు, ఎవరు చెప్పిన్రు అని స్టూడెంట్లతోని రాయించుకున్నడు. రెండున్నర ఏండ్లకు మళ్ల అడిగితే శానమంది వేరే సంగతి చెప్పిన్రు, అదిగూడ గట్టి నమ్మకంతోని. వాళ్లు రాసిన కాగితం వాళ్లకే చూపిచ్చినా పాతది యాదికి రాలే. యాది చేసుకున్నప్పుడల్లా మనం మళ్ల అల్లుకుంటం, అల్లేటప్పుడు వేరే రోజు పోగులు గూడ కలుస్తయి. మీకు సంక్రాంతి, ఆఖరిసారి ఒక్కటైనయి. దాంట్ల మీ తప్పేం లేదు.

నడిమింటి అరుగు:
మా నాన్న గురించి రాసినప్పుడు నాకూ ఇదే అయింది. నేనైతే తీసేయలేదు, నాకు గుర్తున్నదీ మా అక్క చెప్పిందీ పక్కపక్కనే పెట్టేశా. అసలు మన తెలుగులో ఆ సౌకర్యం క్రియలోనే ఉందండి, "నిలబడింది" అంటే నేను చూశాను, "నిలబడిందట" అంటే ఎవరో చెప్పారు, "నిలబడి ఉంటుంది" అంటే ఊహించుకుంటున్నా. మనం రాసేటప్పుడు అన్నిటినీ "నిలబడింది" చేసేస్తాం, అక్కడే వస్తుంది గొడవంతా. ఇంకోటి, తప్పుగా అనుకోకపోతే అడుగుతా. గేటు దగ్గర కాకపోతే ఆ రోజు మంచం దగ్గర ఏం జరిగింది? నాకెందుకో మీ బాధ అక్కడుందేమో అనిపిస్తోంది.

పుంతదారి:
మీ ప్రశ్న చదివాక రాత్రంతా నిద్ర పట్టలేదండి. వంటింటి పక్క గది, నవారు మంచం, అమృతాంజనం వాసన. అమ్మమ్మ నా చిటికెన వేలు పట్టుకుంది, అంత సన్నబడిపోయిన చేతికి అంత పట్టు ఎక్కడిదో. నేను రెండో చేతి వాచీ చూసుకుంటున్నా. ఏదో అంది, వినిపించుకోలేదు, వేలు మెల్లిగా విడిపించుకుని వచ్చేశా. గేటు దగ్గరైతే కనీసం వెనక్కి తిరిగి చూశాను కదా, ఇక్కడ అదీ లేదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం కాబట్టి ఏమందో అన్నయ్యనడిగినా లాభం లేదు. పొద్దున్న కూర్చుని మొదట్నుంచి రాశా, గేటుని సంక్రాంతిలోనే ఉంచేశా. మంచం దగ్గరికొచ్చేసరికి "ఉండవే అంది" అని రాసి కొట్టేసి "ఉండవే అని ఉంటుంది" అని రాశాను.