మాండ్రిల్‌ను జూలో చూపించడం సబబేనా? మీ అభిప్రాయాలు చెప్పండి

కావలి టీచర్:
మా స్టాఫ్ రూములో తేలని వాదన ఇక్కడ పెడుతున్నా. ఈసారి పిల్లల్ని మాండ్రిల్ (ఎరుపు, నీలం రంగుల ముఖమున్న ఆఫ్రికా కోతి) ఉన్న జూకి తీసుకుపోదామని మా వాళ్ళు, వద్దని నేను.

పిల్లలకి మాండ్రిల్ అంటే 'ది లయన్ కింగ్' బొమ్మల సినిమాలోని ముసలి కోతి రఫీకి ముఖమే. 1994 నుంచీ అదే బొమ్మ మనసుల్లో ఉండిపోయింది: సింహాలు తిరిగే గడ్డి మైదానం, చెట్టు మీద ఒంటరి ముసలాయన, పొడవాటి తోక. అసలు మాండ్రిల్‌ది మొండి తోక. అది బతికేది మైదానంలో కాదు, గాబన్, దక్షిణ కామెరూన్, ఈక్వటోరియల్ గినీ, కాంగో రిపబ్లిక్‌ల దట్టమైన వానల అడవుల్లో. ఇక ఒంటరితనమా? గాబన్‌లోని లోపే అనే అడవి ప్రాంతంలో పరిశోధకులు లెక్కపెట్టిన మందల్లో సగటున 620 ఉన్నాయి. పెద్ద మందలో 845. అలాంటి మందలో పుట్టి పెరగాల్సిన ప్రాణిని జంటగా తెచ్చి సిమెంటు గదిలో కూర్చోబెట్టి, 'ఇదిగో మాండ్రిల్' అని పిల్లలకి చూపిస్తే వాళ్ళకి అబద్ధం నేర్పినట్టే.

ఒంగోలు పశువైద్యుడు:
మేడం, ఒక సవరణ. పెద్ద మగవి ఏడాదిలో చాలాకాలం మందకి దూరంగానే తిరుగుతాయి, ఎదకాలానికి వచ్చి కలుస్తాయి. ఆడవీ పిల్లలే ఏడాది పొడవునా మంద. కాబట్టి 'ఒంటరి మగ' అనేది పూర్తిగా సినిమా వాళ్ళ కల్పన కాదు.

అసలు విషయానికొస్తే, మన ఒంగోలు జాతినే చూడండి. ఇక్కడ తగ్గిపోతోందని మనం బాధపడుతున్నాం. బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో అక్కడి మాంసపు పశువుల్లో సింహభాగం అదే. పుట్టిన నేల నుంచి దూరంగా పోయినా జాతి నిలబడింది కదా! మాండ్రిల్ మీద వేట, అడవుల నరికివేత రెండూ పడ్డాయి, ప్రకృతి రక్షణ కోసం పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దాన్ని ముప్పున్న జాతుల్లో చేర్చింది. రేపు అడవిలో అయిపోతే జూల్లో ఉన్నవే దిక్కు.

కావలి టీచర్:
డాక్టర్ గారూ, మగవాటి సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ గిత్త ఉదాహరణ పనికిరాదు. గిత్త వేల ఏళ్ళుగా మనిషి చేతిలో పెరిగింది, గాటికి కట్టినా అది గిత్తే. మాండ్రిల్ నేర్చుకునేదంతా మందలో నేర్చుకుంటుంది. ఏ పండు తినాలి, ఎవరి ముందు తలవంచాలి, ఎవరి వెంట పోవాలి... బోనులో ఎవరు నేర్పుతారు? జాతి మిగలొచ్చు, బతుకు మిగలదు.

నెల్లూరు చదువరి:
టీచరమ్మా, అంత తేలిగ్గా తీసిపారేయొద్దు. బోనులో ఉన్నవాటి నుంచి తెలిసింది కూడా ఉండాది. ఇంగ్లండులోని చెస్టర్ జూలో ఒక మగది పుల్లని చీల్చి సన్నం చేసి, గోళ్ళ కింద మట్టి తీసుకుంటే శాస్త్రవేత్తలు రాసుకున్నారు. కోల్చెస్టర్ జూలో ఇంకో విచిత్రం. అక్కడ కొన్ని మాండ్రిల్స్ చేత్తో కళ్ళు మూసుకుని కూర్చుంటాయి. అట్లా కూర్చున్నప్పుడు మిగతావి దాని జోలికి పెద్దగా పోవు. ఒక ఆడదానితో మొదలై మిగతావాటికి అంటుకుందంట. వేరే గుంపుల్లో వెతికితే ఎక్కడా కనబళ్ళేదు. ఒక చిన్న గుంపు తనకంటూ ఒక సైగ పుట్టించుకుందంటే, నా లెక్కలో అది చాలా పెద్ద విషయం.

కావలి టీచర్:
మీరు చెప్పినదాంట్లోనే నా జవాబు ఉంది. 'నన్ను కాసేపు వదిలేయండి' అనే సైగ పుట్టింది బోనులో. అడవిలో అయితే లేచి అవతలికి పోతే సరిపోయేది.

ఒంగోలు పశువైద్యుడు:
అది మీరు ఊహించుకుంటున్నది, రుజువు కాదు. ఇంకొకటి చెబుతా. గాబన్‌లోని ఫ్రాన్స్‌విల్‌లో పరిశోధనా కేంద్రం వాళ్ళు 1980లలో 15 మాండ్రిల్స్‌ని కంచె వేసిన అడవి ముక్కలో వదిలారు, మంద పెరిగింది. ముఖం మీది ఎరుపు రక్తనాళాల వల్ల వస్తుంది; నీలమేమో రంగుపదార్థం వల్ల కాదు, చర్మంలోని కొల్లాజెన్ అనే మాంసకృత్తు పోగుల అమరిక వల్ల. మగది పెత్తనానికొస్తే ఎరుపు పెరుగుతుంది, పెత్తనం పోతే వెలుస్తుంది. పెత్తనంతో ఎరుపు ఇట్లా మారడం తేలింది ఆ కంచె లోపలే. అక్కడివే కొన్నిటిని 2002లో, 2006లో గాబన్‌లోనే ఉన్న లెకెడి పార్కులో వదిలారు, అవి నిలదొక్కుకున్నాయి. బంధించి పెంచినవి అడవికి పోగలవనడానికి ఇంతకన్నా ఏం కావాలి?

కావలి టీచర్:
అవును, నేను కోరేది కూడా అదే! అక్కడ అడవి దానిదే, తిండి ఆ నేలదే, గుంపు గుంపుగా ఉన్నాయి, దారి మళ్ళీ అడవికే. దాన్ని చూపించి రోహిణి కార్తెలో మన ఎండకి ఇనుప చువ్వల వెనక రొప్పే జంటని సమర్థించకండి.

గిద్దలూరు రైతుబిడ్డ:
అక్కా, సార్, నాదొక మాట. మా చేలమీద కోతులు పడితే మేం పడే తిప్పలు మాకు తెలుసు, అందుకని గాబన్‌లో అడవి పక్కన ఉన్నోళ్ళని వేటగాళ్ళని తిట్టడానికి నాకు నోరు రాదు. ఇంట్లో తిండికి ఒకదాన్ని కొట్టుకునేవాడు వేరు, లారీల్లో పట్నానికి అడవిమాంసం తోలేవాడు వేరు. కలప కంపెనీలు వేసిన దార్లమీదే ఆ లారీలు నడిచేది. జూలో ఉంటే మేలా కీడా అని ఎంతసేపు మాట్లాడినా, ఆ దార్ల సంగతి తేలకపోతే అడవిలో మంద మిగలదు. పిల్లలకి ఇది చెప్పండి ముందు.

నెల్లూరు చదువరి:
తమ్ముడూ, నిజమే. అయినా బొమ్మలో చూసిన పిల్లోడికి ఆ దారి గురించి ఎందుకు పట్టాలబ్బా? ఎదురుగా చూసినోడికే పడతాది.

కావలి టీచర్:
తిమింగలాన్ని ఎదురుగా చూసి ఎంతమంది ప్రేమించారు? సరే, ఒక పని చేస్తా. పోయేముందే ఆ జూకి ఉత్తరం రాస్తా. ఎన్ని మాండ్రిల్స్ ఉన్నాయి, ఎక్కడ పుట్టినవి, పిల్లలు పుట్టాయా, ఎండాకాలం వాటికి ఏం చేస్తారు? గుంపుగా ఉంచారని తెలిస్తే పిల్లల్ని తీసుకుపోతా. ఒకటో రెండో అయితే ఆ రోజు పెంచలకోనకి పోతాం, అక్కడ మన కోతుల గుంపులు ఎట్లా మసులుతాయో కూర్చుని రాసుకుంటారు.

గిద్దలూరు రైతుబిడ్డ:
ఇంకోటి కూడా రాయక్కా. టికెట్ డబ్బుల్లో ఆ అడవి కాపాడ్డానికి పోయేది ఎంతో అడుగు.