పదకొండు రోజుల పాప ఫోటోలు: ఇంట్లో ఉన్నది ఉన్నట్టు తీయాలా, ఫోటోగ్రాఫర్‌ని పిలవాలా?

గోదారి నాన్న
అందరికీ నమస్కారం. మా పాపకి ఇవాళ పదకొండో రోజు. తల్లీబిడ్డా తణుకులో, మా అత్తగారింట్లో ఉన్నారు. ఫోటోగ్రాఫర్‌ని మాట్లాడతానని మా బావ పట్టుబడుతున్నాడు. బుట్ట, ఉన్ని టోపీ, పూల కిరీటం అన్నీ అతనే తెస్తాడట. నాకేమో పాప మామూలుగా ఎలా ఉందో అలాగే, ఆ పాత మంచం మీద, వాళ్ల తాతయ్య పంచె పొత్తిళ్లలోనే కావాలి. మా అత్తగారు ఇరవై ఒకటో రోజు బారసాల అయ్యేదాకా అసలు ఫోటోయే వద్దంటున్నారు, దిష్టి తగులుతుందని. ఈలోగా నేను తీసిన నాలుగు ఫోటోల్లో పాప పచ్చగా కనిపించేసరికి మా ఆవిడకి కామెర్లేమోనని టెన్షన్. మీరైతే ఏం చేస్తారు?

కరీంనగర్ అక్క
తమ్ముడూ, బుట్టా వద్దు, కిరీటమూ వద్దు. మా బాబుకి పన్నెండో రోజున, డిసెంబరు చలిలో బట్టలు విప్పించాడు మాకు దొరికిన ఫోటోగ్రాఫర్. చేతుల మీద గడ్డం ఆనించి పడుకోబెట్టాలన్నాడు. మెడ నిలవని పిల్లాడు! రెండు గంటలు ఒకటే ఏడుపు. చివరికి మా అమ్మ లేచి, "చాలు నాయనా" అని బాబుని తీసేసుకుంది. ఆ ఆల్బమ్ బీరువాలో ఉంది, తీసి చూడబుద్ధి కాదు.

నేను పదేపదే చూసుకునేది వేరే ఫోటో. మా అమ్మ పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద బాబుని పడుకోబెట్టుకుని నీళ్లు పోస్తోంది. మా ఆయన గుమ్మంలో నిలబడి ఫోన్‌తో తీశాడు. కొంచెం కదిలింది కూడా. కానీ అమ్మ చేతికి అంటిన నలుగు పిండి, పక్కన రాగి బిందె, వాడి పిడికిలి, అన్నీ ఉన్నాయి అందులో.

బెజవాడ కెమెరా
నేను ఈ పనిలోనే ఉన్నాను. అక్కా, మీకు జరిగింది ముమ్మాటికీ తప్పు. గడ్డం కింద చేతులు పెట్టుకుని తల ఎత్తినట్టుండే ఆ ఫోటో నిజానికి ఒకటి కాదు, రెండు. ఒకసారి పెద్దవాళ్లు తల పట్టుకుని ఉండగా, ఇంకోసారి చేతులు పట్టుకుని ఉండగా తీసి, రెండూ కలిపి పెద్దవాళ్ల వేళ్లు చెరిపేస్తాం. అది తెలియనివాడు పసిబిడ్డ జోలికి పోకూడదు.

కానీ ఇంట్లో తీసుకునే ఫోటోల్లో ఒక పెద్ద లోటు ఉంది. తీసేవాళ్లు అందులో ఉండరు. నాన్న ఎటూ ఉండడు. అమ్మేమో "నైటీలో ఉన్నాను, ఈ జుట్టేంటి" అని పక్కకి తప్పుకుంటుంది. ఏడాది తర్వాత చూసుకుంటే వందల ఫోటోల్లో పాప ఒక్కతే. అందుకే బుట్టలు లేకుండా, ఓ గంట ఊరికే మీ మధ్య కూర్చుని తీసే మనిషిని పిలవమంటాను.

ఇక మీ ఫోటోల పసుపు. గదిలో బల్బు, బయటి వెలుగు కలిస్తే ఒంటి రంగు మారిపోతుంది. పసుపు గోడ ఉన్నా అంతే. లైట్లన్నీ ఆపేసి మంచాన్ని కిటికీ పక్కకి జరపండి. నేరుగా ఎండ పడుతుంటే కిటికీకి పల్చటి తెల్ల పంచె కట్టండి. వెలుగు పాప తల వైపు నుంచి ఏటవాలుగా రావాలి. కాళ్ల వైపు నుంచి వస్తే గడ్డం, ముక్కు కింది భాగం వెలిగి ముఖం మారిపోతుంది. ఫోన్ దగ్గరగా పెడితే ముక్కు పెద్దదవుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ 2 పెట్టుకోండి. ముందు లెన్సు తుడవండి, బాలింత ఇంట్లో ఎవరి వేళ్లకి చూసినా నూనే.

నర్సమ్మ
ప్రసూతి వార్డులో పనిచేసి రిటైర్ అయ్యాను. బాబూ, ఫోటో చూసి కామెర్లు ఉన్నాయనీ అనుకోవద్దు, లేవనీ అనుకోవద్దు. పగటి వెలుగులో పాప నుదుటి మీద, ఛాతీ మీద వేలితో మెల్లగా నొక్కి వదలండి. ఆ చోట పసుపు కనిపిస్తే డాక్టరుకి చూపించండి. అరచేతులు, అరికాళ్లు పచ్చబడినా, పాలు తాగకుండా మత్తుగా పడుకున్నా ఆ రోజే వెళ్లాలి.

ఫ్లాష్‌తో కళ్లు పోతాయని భయపడక్కర్లేదు గానీ బిడ్డ ఉలిక్కిపడి చేతులు బార్లా చాపుతుంది. ఎందుకా బాధ? కాటుక కంటికి వద్దు, కొన్నింట్లో సీసం ఉంటుంది. దిష్టిచుక్క అరికాలికి పెట్టండి.

మీ అత్తగారి మాట తీసిపారేయొద్దు. పురిటి గదిలోకి పదిమందీ రాకుండా ఆ పట్టింపులు బిడ్డను కాపాడాయి. తీయడం వేరు, పదిమందికి పంపడం వేరు. బారసాల దాకా ఎవరికీ పంపనని ఆవిడకి మాటివ్వండి, ఒప్పుకుంటారు.

కరీంనగర్ అక్క
కెమెరా తమ్ముడూ, అమ్మ ఫోటోలో లేకుండా పోతుందన్నావే, అది నన్ను తాకింది. మా బాబుతో నేనున్న మొదటి నెల ఫోటో ఒక్కటీ నా దగ్గర లేదు. అయినా కొత్త మనిషి ఎందుకు? ఫోన్ చెల్లెలి చేతికిస్తే చాలు. ఇంకోటి, ఒంటి మీద ఎర్ర మచ్చలు, పొట్టు రాలడం మీరంతా చెరిపేస్తారెందుకు?

బెజవాడ కెమెరా
చెరపమని ఇంట్లోవాళ్లే అడుగుతారక్కా. ఆ మచ్చలు కొద్దిరోజుల్లో పోయేవే కదా, చెరిపితే అబద్ధమేమీ కాదు. పుట్టుమచ్చ మాత్రం ముట్టుకోను.

కరీంనగర్ అక్క
పోయేవి కాబట్టే ఉంచాలి. ఆ పొట్టు మళ్లీ ఎప్పుడు చూస్తాం?

గోదారి నాన్న
ఆదివారం వెళ్లొచ్చాను. పగటి వెలుగులో నొక్కి చూశాం, పసుపు లేదు. అయినా డాక్టరుకి చూపించాం, బాగానే ఉందన్నారు. మా అత్తగారికి మాటిచ్చాను, పంపనని. ఆవిడే కిటికీకి పంచె కట్టారు. పాలు తాగి నిద్రపోయాక మా ఆవిడ పక్కనే పడుకుంది, నైటీలోనే. నేను నేల మీద కూర్చుని మంచం ఎత్తులో ఫోన్ పట్టుకున్నాను. తర్వాత ఫోన్ బావకిచ్చి నేనూ వెళ్లి కూర్చున్నాను. బావకి ఇంకా బుట్ట మీదే మనసు. బోర్లా పడి బొబ్బట్లు పంచే రోజున పిలుద్దామన్నాను. పాప చెవి దగ్గర పంచె మీద పాల మరక పడింది. బావ దాన్ని చెరపమన్నాడు. వద్దన్నాను.