దూరం నుంచి శరణార్థి కుటుంబానికి సాయం: ఎంతవరకు?

ప్రశ్న: అమెరికాలో అసైలమ్ (శరణార్థిగా ఆశ్రయం) వచ్చిన ఒక కుటుంబానికి వేరే రాష్ట్రం నుంచి వీడియో కాల్‌లో సాయం చేస్తున్నా. ఇంగ్లీషు నేర్పడం వరకు పర్లేదు. మొన్న ఒక కవరు కెమెరా ముందు పెట్టి ఇదేంటని అడిగారు, చూస్తే కరెంటు బిల్లు, దానికే మూడు రోజులుగా నిద్రపోలేదట పాపం. ఇలాంటివి నేను చూడొచ్చా?

జవాబు: బిల్లులు, స్కూలు నోటీసులు నిక్షేపంగా చదివి చెప్పండి. ఇమ్మిగ్రేషన్ ఫారాల జోలికి మాత్రం వెళ్లొద్దు, అది లాయరో, న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధో చేసే పని. మీరు గడువులు గుర్తుచేయండి చాలు: ఇల్లు మారితే 10 రోజుల్లో ఏఆర్-11 (కొత్త చిరునామా తెలిపే ఫారం), భార్యాపిల్లలు స్వదేశంలో ఉండిపోతే అసైలమ్ వచ్చిన 2 ఏళ్లలోపు ఐ-730 (వాళ్లను రప్పించుకునే ఫారం). ఈ రెండోది దాటితే చాలా కష్టం.

ఇంకో జవాబు: ఆసుపత్రిలో పిల్లాడి చేత అనువాదం చేయించకండి. 1964 పౌరహక్కుల చట్టం ప్రకారం ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఇవ్వాలి, ఫోన్‌లో అయినా సరే. "మా భాష దుబాసీ కావాలి" అనే ఒక్క ముక్క ఇంగ్లీషులో బట్టీ పట్టించండి.

ప్రశ్న అడిగినవారు: అయ్యో, పోయిన వారం పిల్లాడే మాట్లాడాడండీ. రేపటి క్లాసులో ఇదే మొదలుపెడతా.